అవతలి మూలలో నిలబడ్డవాళ్లు
(జిల్లా గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం బాక్సింగ్ నేర్చుకుంటున్న అమ్మాయిలు, వారి తల్లిదండ్రుల ఎదుట ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లు మైదానంలో ఈల ఊది, కేకలు వేసి బతికిన గొంతు ఇది. మైకు ముందు ఎంత తగ్గించాలో ఇప్పటికీ తెలియదు. చెవులు హోరెత్తితే వెనక వరుసలో వాళ్లు చెయ్యెత్తండి, తగ్గిస్తాను.

ప్రొఫెషనల్ బాక్సర్‌గా ఒక మహిళ జీవితం గురించి చెప్పమన్నారు. ఎవరి గురించి చెప్పాలన్నది నాకే వదిలేశారు. మీలో చాలామంది నిఖత్ జరీన్ కథ వినడానికి వచ్చి ఉంటారు. మన నిజామాబాద్ అమ్మాయి, 2022లో ఇస్తాంబుల్‌లో, మళ్లీ 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. ఆమె పేరు ఎత్తకుండా తెలుగు సభలో బాక్సింగ్ మాట్లాడితే మీరు నన్ను మెట్లు దిగనివ్వరు. కానీ నిఖత్ ప్రొఫెషనల్ కాదు, అమెచ్యూర్.

ఆ మాటను పత్రికల్లో ‘ఔత్సాహిక’ అని రాస్తారు. చదివితే ఆదివారం పూట సరదాకు ఆడేవాళ్లు అనిపిస్తుంది. నిజానికి ఒలింపిక్స్‌లో మనం చూసేదంతా అమెచ్యూర్ బాక్సింగే. దేశం పంపిస్తుంది, శిబిరంలో తిండి పెడుతుంది, పతకం వస్తే పోలీసు శాఖలోనో రైల్వేలోనో ఉద్యోగం ఇస్తుంది. నిఖత్‌కు తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అక్కడ బౌటు అంటే మూడు రౌండ్లు, అమ్మాయిల తలకు రక్షణగా హెడ్‌గార్డు. ప్రొఫెషనల్ అంటే వేరే ప్రపంచం. హెడ్‌గార్డు ఉండదు. దేశం పంపించదు. ప్రమోటర్ అనే మనిషి బౌటు కుదర్చాలి, హాలు అద్దెకు తీసుకోవాలి, టికెట్లు అమ్మాలి, టీవీ వాళ్లతో బేరం ఆడాలి. మహిళల టైటిల్ బౌటు అయితే రెండేసి నిమిషాల చొప్పున పది రౌండ్లు. ఎవరూ చూడకపోతే డబ్బు లేదు, డబ్బు లేకపోతే ఆట లేదు.

అందుకే ఈ రోజు నేను ఐర్లాండ్ మనిషి కేటీ టేలర్ గురించి చెప్పబోతున్నాను. అమెచ్యూర్‌గా ఎక్కగలిగినంతా ఎక్కి, ముప్పై ఏళ్ల వయసులో ప్రొఫెషనల్‌గా మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టిన మనిషి.

కేటీ దగ్గరకు వెళ్లే ముందు ఒక చిన్న సంగతి. మా తాతగారి ఊళ్లో తాలింఖానా ఉండేది. సంక్రాంతికి కుస్తీలు పెట్టేవారు. పొరుగూరి వస్తాదు రాకపోతే మా ఊరి వస్తాదు తొడ చరిచి, గోదా చుట్టూ తిరిగి, మట్టి నుదుట పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. ‘జోడీ కుదరలేదురా’ అనేవారు పెద్దలు. చిన్నప్పుడు అది నాకు నవ్వులాటగా ఉండేది.

తర్వాత ఎన్నో ఏళ్లకు, ఉద్యోగంలో ఉండగా, మా బడి నుంచి ఎనిమిదో తరగతి అమ్మాయిని జిల్లా బాక్సింగ్ పోటీలకు తీసుకెళ్లాను. నాలుగు నెలలు పొద్దున్నే ఐదింటికి లేచి పరిగెత్తిన పిల్ల. చేతులకు పట్టీలు చుట్టాను, గ్లోవ్స్ వేశాను, నోట్లో పళ్ల కాపు పెట్టాను. రింగులోకి పిలిచారు. ఆ బరువు విభాగంలో జిల్లా మొత్తానికి ఇంకో అమ్మాయి లేదు. రెఫరీ ఆమె చెయ్యి పైకెత్తాడు, దించాడు. అర నిమిషంలో మెడలో బంగారు పతకం. తిరుగు బస్సులో నేను పల్లీలు కొనిచ్చి, సంతోషమేనా అని అడిగాను. ‘నన్ను ఎవరూ కొట్టలేదు టీచర్’ అని భోరుమంది. పక్క సీటులో ఉన్నాయన కంగారుపడి, ఎవరు కొట్టారమ్మా అని అడిగాడు. ఏమని చెప్పను?

పరుగు పందెంలో ఒక్కరే పరిగెత్తినా గడియారం ఉంటుంది. బరువులెత్తేవాళ్లకు ఇనుము ఉంటుంది. బాక్సర్‌కు మాత్రం ఎదురుగా ఇంకో బాక్సర్ ఉండాలి. మహిళల బాక్సింగ్‌లో చాలాకాలం కరువైంది ఆ ఇంకో బాక్సరే. కేటీ టేలర్ జీవితాన్ని చాలామంది పతకాలు లెక్కపెట్టి చెబుతారు. నేను అవతలి మూలలో నిలబడ్డవాళ్ల పేర్లు చెబుతూ పోతాను. ఆమె కథ నాకు అలాగే అర్థమైంది.

కేటీకి ముందు ఐర్లాండ్‌లోనే డియర్డ్రే గోగర్టీ అనే ఆమె ఉండేది. ద్రోహెడా పట్టణం ఆమెది. ఆమె రోజుల్లో ఐర్లాండ్‌లో ఆడవాళ్ల బాక్సింగ్‌కు అనుమతి లేదు. జోడీ కోసం అమెరికా వెళ్లిపోయింది, లూసియానాలో ఉండి సాధన చేసింది. 1996 మార్చి 16న లాస్ వేగాస్‌లో మైక్ టైసన్ బౌటుకు ముందు, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటున్న సమయంలో, క్రిస్టీ మార్టిన్‌తో తలపడింది. గోగర్టీ పాయింట్ల మీద ఓడిపోయింది. కానీ ఆ బౌటు చూసినవాళ్లు అసలు టైసన్ బౌటు కంటే అదే బాగుందన్నారు. ముక్కు నుంచి రక్తం కారుతున్నా ఆగని మార్టిన్ ఆ రాత్రితో ప్రసిద్ధురాలైంది, పెద్ద క్రీడా పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కింది. టైసన్‌కు ఆ రాత్రి 3 కోట్ల డాలర్లు. మార్టిన్‌కు 15 వేలు. గోగర్టీకి 3 వేలు. అంకెలు తప్పు చదవలేదు, అవే.

ఆ బౌటు నాటికి కేటీకి తొమ్మిదేళ్లు. పుట్టింది 1986 జూలై 2న, డబ్లిన్‌కు దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న బ్రే పట్టణంలో. తండ్రి పీట్ ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి వచ్చి స్థిరపడినవాడు, స్వయంగా బాక్సర్, కూతురు పుట్టిన ఏడాదే ఐరిష్ జాతీయ టైటిల్ గెలిచాడు. తల్లి బ్రిడ్జెట్ బాక్సింగ్ జడ్జి. ఇంట్లో వంటగదిలో కూడా బాక్సింగే మాట్లాడుకుని ఉంటారు. ఊళ్లో రేవు దగ్గర పాత పడవల షెడ్డును క్లబ్బుగా మార్చుకుని అక్కడే పిల్లలకు నేర్పారు.

అమ్మాయిలకు పోటీలు లేవు కాబట్టి కేటీ అబ్బాయిల పోటీలకు వెళ్లింది. పేరు ‘కె. టేలర్’ అని రాయించేవారు. జుట్టు మొత్తం హెడ్‌గార్డు లోపలికి దోపేవారు. బౌటు అయ్యాక హెడ్‌గార్డు తీయగానే జుట్టు భుజాల మీద పడేది, హాల్లో కలకలం రేగేది. నాకు ఎప్పుడూ ఆ అబ్బాయి మీదే ధ్యాస పోతుంది. అప్పుడే ఓడిపోయి, నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తూ తలెత్తి చూసిన అబ్బాయి. వాడి తండ్రి ఇంటికి వెళ్లేదాకా ఏమన్నాడో పాపం.

2001 అక్టోబర్ 31. డబ్లిన్‌లోని నేషనల్ స్టేడియం. పేరుకు స్టేడియం గానీ మధ్యలో రింగు, చుట్టూ బల్లలు ఉన్న పాత హాలు, బాక్సింగ్ కోసమే కట్టింది. ఐర్లాండ్‌లో అధికారికంగా అనుమతించిన మొట్టమొదటి మహిళల బౌటు ఆ రాత్రి జరిగింది. ఒక మూల పదిహేనేళ్ల కేటీ. ఇంకో మూల బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన అలానా ఆడ్లీ. కేటీ గెలిచింది. ఈ సంగతి ఐర్లాండ్‌లో క్రీడల మీద ఆసక్తి ఉన్న ఎవరినడిగినా చెబుతారు. అలానా పేరు ఎంతమంది చెబుతారో! ఆ అమ్మాయి ఆ రాత్రి రానని ఉంటే, వాళ్ల అమ్మ వద్దని ఉంటే, ఐర్లాండ్‌లో తొలి బౌటు తేదీ ఇంకొకటి అయ్యేది. అలానా ఆట మానలేదు. పదమూడేళ్ల తర్వాత, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 60 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. అదే విభాగంలో రజతం ఎవరిదో తెలుసా? మన మణిపూర్ సరితా దేవిది. ఒకే వేదిక మీద నిలబడ్డారు ఇద్దరూ.

ఇక కేటీ అమెచ్యూర్ రోజులు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ కథ కంటే జాబితా ఎక్కువ. 2005లో యూరప్ చాంపియన్. 2006లో మన ఢిల్లీలోనే తొలి ప్రపంచ టైటిల్. అదే పోటీల్లో మేరీ కోమ్, సరిత సహా మన అమ్మాయిలు నలుగురు స్వర్ణాలు గెలిచారు. తర్వాత 2008, 2010, 2012, 2014, వరుసగా మొత్తం ఐదు ప్రపంచ టైటిళ్లు. మధ్యలో ఐర్లాండ్ జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు కూడా ఆడింది. మహిళల బాక్సింగ్ అప్పటికి ఒలింపిక్స్‌లో లేదు. ప్రపంచమంతా తిరిగి గెలిచి వచ్చినా, నాలుగేళ్లకోసారి ఇంట్లో కూర్చుని మగవాళ్ల బౌట్లు టీవీలో చూడాల్సిందే. ఒలింపిక్ పెద్దల మనసు మార్చడానికి వాళ్ల ఎదుట ప్రదర్శన బౌట్లు కూడా ఆడింది. 2009లో ఒప్పుకున్నారు. ఆ వెంటనే ఇంకో పీడ: అమ్మాయిలు పొట్టి స్కర్టులు వేసుకుని ఆడితే ప్రేక్షకులకు తేడా తెలుస్తుందని బాక్సింగ్ సమాఖ్యలో ప్రతిపాదన. కేటీ వేసుకోనని ముఖం మీదే చెప్పింది. అడుగుతున్నవాళ్లు ముందు వాళ్లు వేసుకుని రింగులో పది అడుగులు వేసి చూపించాలి!

2012 లండన్‌లో మహిళలకు మూడంటే మూడు బరువు విభాగాలు: 51, 60, 75 కిలోలు. మధ్యలో ఉన్నవాళ్లు బరువు పెరగాలి, లేదా తగ్గాలి. మేరీ కోమ్ తన సహజమైన బరువు వదిలి 51కి పెరగాల్సి వచ్చింది, అయినా కాంస్యం తెచ్చింది. కేటీది సరిగ్గా 60. ఆ విషయంలో ఆమె అదృష్టవంతురాలు. ఐర్లాండ్ జెండా పట్టుకుని జట్టు ముందు నడిచింది. క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ అమ్మాయి నటాషా జోనాస్‌తో తలపడ్డప్పుడు హాల్లో లేచిన అరుపుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ జోనాస్ పేరు గుర్తుంచుకోండి, తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది. ఆగస్టు 9న ఫైనల్. ఎదురుగా రష్యాకు చెందిన సోఫియా ఒచిగావా. ఎడమచేతి వాటం, తెలివైన ఆట, తొందరపడదు. రెండు రౌండ్లయ్యేసరికి కేటీ ఒక పాయింటు వెనక. మూడో రౌండులో దూసుకెళ్లింది. చివరికి 10-8. బ్రే పట్టణంలో పెద్ద తెరలు కట్టుకుని చూశారు జనం.

ఇక్కడితో ఆపితే చక్కటి పాఠ్యపుస్తకం కథ. నాకు ఆసక్తి ఇక్కడి నుంచే.

చిన్నప్పటి నుంచి మూలలో నిలబడ్డ తండ్రి 2016 నాటికి ఆ మూలలో లేడు. ఇంటి గొడవలు, అవి వాళ్లవి, మనకు వద్దు. ఆ ఏడాది రియో ఒలింపిక్స్‌లో, క్వార్టర్ ఫైనల్లోనే, ఫిన్లాండ్‌కు చెందిన మీరా పోట్కోనెన్ చేతిలో ఓడిపోయింది. పోట్కోనెన్ పిల్లల తల్లి, కేటీ కంటే పెద్దది. ముప్పై ఏళ్లు, మూలలో తండ్రి లేడు, పతకం లేదు. మన దగ్గరైతే ఈపాటికి ఉద్యోగంలో చేరి, జిల్లా పోటీలకు ముఖ్య అతిథిగా వెళ్లే వయసు.

కేటీ బ్రిటన్ ప్రమోటర్ ఎడ్డీ హెర్న్‌కు తానే సందేశం పంపింది. మహిళల బాక్సింగ్ మీద అప్పటివరకు ఆయనకు పెద్ద నమ్మకం లేదు. ఎవరు చూస్తారు అన్నదే ఆయన లెక్క. అయినా ఒప్పుకున్నాడు. ఆమె అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి వెళ్లి, రాస్ ఎనామైట్ అనే కోచ్ దగ్గర సాధన మొదలుపెట్టింది. 2016 నవంబర్ 26న లండన్ వెంబ్లీ ఎరీనాలో తొలి ప్రొఫెషనల్ బౌటు. పోలండ్‌కు చెందిన కరీనా కొపిన్‌స్కా మీద మూడో రౌండులో గెలుపు. ఏడాది తిరగకుండానే, 2017 అక్టోబర్‌లో కార్డిఫ్‌లో తొలి ప్రపంచ బెల్టు.

‘తొలి బెల్టు’ అన్నాను కదా, దాని సంగతి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్‌ను నిర్ణయించే సంస్థలు నాలుగు. నాలుగు పీఠాలకు నలుగురు జగద్గురువులు ఉన్నట్టు, ఒకే బరువులో ఒకేసారి నలుగురు ప్రపంచ చాంపియన్లు ఉండవచ్చు. నాలుగు బెల్టులూ ఒక్కరి నడుముకే చేరితే వారిని తిరుగులేని చాంపియన్ అంటారు. కేటీ ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి ఒక్కొక్క బెల్టూ తెచ్చుకుంది. బ్రూక్లిన్‌లో విక్టోరియా బుస్టోస్ దగ్గర రెండోది, ఫిలడెల్ఫియాలో బ్రెజిల్‌కు చెందిన రోజ్ వోలాంటే దగ్గర మూడోది. మధ్యలో బాస్టన్‌లో సిండీ సెరానో అనే ఆమెను పది రౌండ్లలో పదీ గెలిచి ఓడించింది. ముగ్గురు జడ్జీలూ 100-90. సిండీకి ఒక చెల్లెలు ఉంది. ఆమె గురించి తర్వాత.

నాలుగో బెల్టు బెల్జియంలో ఉంది, డెల్ఫిన్ పెర్సూన్ దగ్గర. పెర్సూన్ పోలీసు ఉద్యోగిని. డ్యూటీ చేసుకుంటూ అయిదేళ్లుగా బెల్టు కాపాడుకుంటున్న మనిషి. 2019 జూన్ 1న న్యూయార్క్‌లో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బౌటు. అందం చందం లేని ఆట పెర్సూన్‌ది. ఆగదు, వెనక్కి పోదు, పైనుంచి రాళ్లు దొర్లినట్టు మీద పడుతూనే ఉంటుంది. చివరి రౌండ్లలో కేటీ ముఖం వాచిపోయింది. గంట మోగేసరికి నిలబడి ఉందంటే గొప్పే. ఇద్దరు జడ్జీలు 96-94తో కేటీ అన్నారు, ఒకాయన 95-95 సమానమన్నాడు. కేటీ తిరుగులేని చాంపియన్. పెర్సూన్ ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. హాల్లో కొందరు తీర్పు చూసి గోల చేశారు.

నా అభిప్రాయం అడిగితే, ఆ రాత్రి పెర్సూన్ గెలిచిందని నాకు అనిపించింది. నా శిష్యురాళ్లు ఒప్పుకోరు. సరే. నాకు కేటీ మీద గౌరవం పెరిగింది ఆ రాత్రి వల్ల కాదు. అక్కడితో వదిలేసి, ఆ పేరు మళ్లీ ఎత్తకుండా తిరిగే వీలు ఆమెకు ఉంది. తీర్పు తనదే, బెల్టులు తనవే. అయినా 2020 ఆగస్టులో, ఖాళీ మైదానాల కరోనా కాలంలో, పెర్సూన్‌తో మళ్లీ తలపడింది. ఈసారి ముగ్గురు జడ్జీలూ కేటీ వైపే. మరుసటి ఏడాది మాంచెస్టర్‌లో లండన్ నాటి జోనాస్ ఎదురైంది. అది కూడా పది రౌండ్లూ నువ్వా నేనా అన్నట్టు సాగింది. జోనాస్ ఓడినా, ఆ రాత్రితో ఆమె పేరు నిలబడింది, తర్వాత తానూ ప్రపంచ చాంపియన్ అయింది.

సిండీ చెల్లెలి దగ్గరకు వద్దాం. అమాండా సెరానో. పోర్టోరికోలో పుట్టి బ్రూక్లిన్‌లో పెరిగింది. ఏడు వేర్వేరు బరువుల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచింది. ఎడమచేతి వాటం. కేటీతో బౌటు 2020లోనే కుదరాల్సింది. కరోనా ఒక పక్క, డబ్బు దగ్గర పేచీ ఇంకో పక్క. సెరానో ఇంత తక్కువకు రానంది. అప్పుడు చాలామంది ఆమెను తప్పుపట్టారు. నేను పట్టను. గోగర్టీ 3 వేల డాలర్లు గుర్తున్నాయి కదా.

రెండేళ్లు ఆగినందుకు జరిగిందేమిటంటే, 2022 ఏప్రిల్ 30న, అదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, అలీ, ఫ్రేజియర్ 1971లో తలపడ్డ పేరున్న చోట, ఇద్దరు ఆడవాళ్లు ప్రధాన బౌటుగా నిలబడ్డారు. అంతకుముందు ఎప్పుడూ లేదు. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, హాజరు 19,187. ఇద్దరికీ చెరో పది లక్షల డాలర్లకు తక్కువ కాకుండా ముట్టిందని పత్రికలు రాశాయి.

ఆ బౌటు అయిదో రౌండు గురించి మీకు చెప్పాలి. నాలుగు రౌండ్లు కేటీ దూరం నుంచి జాబ్, అంటే ముందు చేతితో సూటిగా కొట్టే దెబ్బ, వేస్తూ, పక్కకు జరుగుతూ బాగానే ఉంది. అయిదో రౌండులో సెరానో ఎడమ చేతి దెబ్బ తగిలింది. ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. కేటీ తాళ్ల దగ్గర ఇరుక్కుంది. ముక్కు నుంచి రక్తం. కాళ్లు ఆమె మాట వినడం లేదని మనకు కనిపిస్తూనే ఉంటుంది, మోకాళ్లు ముందు వంగి తర్వాత శరీరం కదులుతుంది. ఇలాంటప్పుడు కొత్తవాళ్లు చేసే తప్పు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోవడం. అప్పుడు రెఫరీ ఆపేస్తాడు. కేటీ ఆ స్థితిలోనూ ఒక దెబ్బ తిరిగి వేస్తూనే ఉంది. తగలకపోయినా సరే. రెఫరీకి కనిపించాలి, అంతే. పిల్లలూ, ఇది రాసుకోండి.

గంట మోగింది. రెండు నిమిషాల రౌండు కాబట్టి మోగింది. మూడు నిమిషాలైతే ఏమయ్యేదో. ఆ ఒక్క నిమిషం గురించే మహిళల బాక్సింగ్‌లో ఇప్పటికీ వాదన నడుస్తోంది. సమయం తక్కువ కాబట్టి డబ్బు తక్కువ అనేవాళ్లు ఉన్నారు. సెరానో 2023 అక్టోబర్‌లో మగవాళ్లలాగే మూడేసి నిమిషాలతో పన్నెండు రౌండ్లు ఆడి చూపించింది. నాలుగు సంస్థల్లో ఒకటి దానికి ఒప్పుకోకపోతే, ఆ సంస్థ బెల్టు వాళ్లకే తిరిగి ఇచ్చేసింది. కేటీ 2025 జూలై నాటికి 25 గెలిస్తే అందులో నాకౌట్లు 6. రౌండు ఇంకో నిమిషం ఉంటే ఆ అంకె పెరిగేదని నేను అనుకుంటాను. అయిదో రౌండు లాంటి వాటిలో ఆమెకే ముప్పు వచ్చేదని కూడా అనుకుంటాను.

చివరి రౌండ్లలో కేటీ తేరుకుంది. తీర్పు చదివారు: 96-94 సెరానో, 97-93 కేటీ, 96-93 కేటీ. లెక్కల మాస్టారు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఒక రౌండు గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు 9. పది రౌండ్లకు మొత్తం 190. మూడో జడ్జి అంకెలు కూడితే 189. ఒకటి తక్కువ. అంటే ఆయన ఏదో ఒక రౌండును 10-8గా రాశాడు, ఓడినవాళ్లు చితికిపోతే అలా రాస్తారు. ఏ రౌండో చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. చితికిపోయిందని రాసిన ఆ జడ్జి లెక్కలోనే కేటీ గెలిచింది.

ఇంతా చేసి, ప్రొఫెషనల్‌గా ఆమె అప్పటికి సొంత దేశంలో ఒక్క బౌటూ ఆడలేదు. 2016లో డబ్లిన్‌లో ఒక హోటల్లో బాక్సర్ల బరువు చూసే కార్యక్రమంలో తుపాకీ కాల్పులు జరిగాక, అక్కడ పెద్ద బౌట్లు పెట్టడానికి ఏళ్ల తరబడి ఎవరూ ధైర్యం చేయలేదు. చివరికి 2023 మే 20న డబ్లిన్‌లో సెరానోతో రెండో బౌటు ఖాయమైంది. సెరానోకు గాయం. మళ్లీ జోడీ కుదరలేదు! కేటీ ఇంకెవరైనా తేలికైన మనిషిని పిలిచి, జనానికి చేతులు ఊపి, గెలిచి ఇంటికి వెళ్లవచ్చు. ఆమె చాంటెల్ కామెరాన్‌ను ఎంచుకుంది. కామెరాన్ తనకంటే పై బరువులో నాలుగు బెల్టులూ ఉన్న చాంపియన్, అప్పటికి ఓటమే లేదు. ఇంటి జనం ముందు, ఏళ్లుగా ఎదురుచూసిన రాత్రి, కేటీ ఓడిపోయింది. 95-95, 96-94, 96-94. పెర్సూన్‌తో వచ్చినవే అంకెలు, ఈసారి అటు. ప్రొఫెషనల్‌గా ఆమెకు అదే తొలి ఓటమి.

ఆరు నెలల తర్వాత, నవంబర్ 25న, అదే హాలు, అదే కామెరాన్. ఈసారి ఇద్దరు జడ్జీలు కేటీ అన్నారు, ఒకరు సమానమన్నారు, కేటీ గెలిచింది. రెండు బరువుల్లో తిరుగులేని చాంపియన్. ముప్పై ఏడేళ్లు అప్పటికి.

సెరానోతో రెండోది 2024 నవంబర్ 15న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో. అసలు బౌటు టైసన్‌ది. 58 ఏళ్ల టైసన్, యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న జేక్ పాల్‌తో. మళ్లీ టైసన్ ముందే ఆడవాళ్ల బౌటు, మళ్లీ జనం అదే బాగుందనడం! గోగర్టీ ఆ రాత్రి ఎక్కడ కూర్చుని చూసిందో అని ఆలోచించాను. తలలు తగిలి సెరానో కుడి కన్ను పైన లోతుగా చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే ఆడింది. తల తగిలించినందుకు కేటీకి ఎనిమిదో రౌండులో ఒక పాయింటు కోత. అయినా ముగ్గురు జడ్జీలూ 95-94 కేటీ. కూడి చూడండి, 189. ఆ పోయిన ఒకటి కోత పడ్డదే. హాల్లో మళ్లీ గోల. ఈసారి కూడా సెరానో గెలిచిందని చాలామంది అన్నారు. 2025 జూలై 11న మూడోసారి, మళ్లీ న్యూయార్క్‌లో, ఆ రాత్రి కార్యక్రమం మొత్తం ఆడవాళ్ల బౌట్లే. కేటీ ఈసారి తగాదాకు పోలేదు. కాళ్లు కదిపింది, కొట్టి పక్కకు జరిగింది. 97-93, 97-93, 95-95. దాని గురించి ఎవరూ పెద్దగా గొడవపడలేదు, అందుకే ఎవరికీ పెద్దగా గుర్తుండదు కూడా.

ఇందాక ముందు వరుసలో ఒక తల్లిగారు అడిగారు, మా అమ్మాయి కూడా ప్రొఫెషనల్ కావాలంటే ఎలా అని. అమ్మా, మన దేశంలో ఆ దారి ఇంకా దారి కాదు, కాలిబాట. సరితా దేవి 2017 జనవరిలో ఇంఫాల్‌లో సొంత జనం ముందు ప్రొఫెషనల్ బౌటు ఆడి గెలిచింది. ఆ తర్వాత మళ్లీ అమెచ్యూర్ పోటీలకే వచ్చింది. 2018లో ఢిల్లీ ప్రపంచ పోటీల్లో ఆమెను ఓడించిన ఐరిష్ అమ్మాయి కెల్లీ హారింగ్టన్. కేటీ వదిలి వెళ్లిన 60 కిలోల చోటులోకి వచ్చినామె. డబ్లిన్‌లో ఒక మానసిక చికిత్సాలయంలో శుభ్రం చేసే ఉద్యోగం చేస్తూ టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం, మళ్లీ పారిస్‌లో స్వర్ణం గెలిచింది. ప్రొఫెషనల్ వైపు వెళ్లనే లేదు. కాబట్టి కేటీ దారి ఒక్కటే దారి అని నేను చెప్పను. మీ అమ్మాయికి ముందు వారానికి రెండుసార్లు తన బరువు అమ్మాయి ఎదురుగా దొరికేలా చూడండి. పక్క మండలంలో ఉన్నా సరే, బస్సు ఎక్కించి తీసుకెళ్లండి. పిల్ల ముక్కు గురించి మీ అత్తగారు ఏమంటారో నాకు తెలుసు, దానికి నా దగ్గర సమాధానం లేదు.

బస్సులో ఏడ్చిన పిల్ల సంగతి చెప్పలేదు కదా. మరుసటి ఏడాది నేను పక్క జిల్లా మాస్టారికి ఫోను చేసి, ఆ బరువులో ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఇద్దరినీ మా బడి ఆవరణలో, చాపల మీద, తాళ్లు లేకుండా ఆడించాను. మా పిల్ల చిత్తుగా ఓడిపోయింది. పెదవి చిట్లింది. ఆ సాయంత్రం ఆ ఇద్దరూ ఒకే ప్లేటులో మిరపకాయ బజ్జీలు తిన్నారు, కారానికి చిట్లిన పెదవి మండుతుంటే మా పిల్ల హా హా అంటూ.

ఇక మాటలు చాలు. ఆ అయిదో రౌండు తెర మీద వేస్తున్నారు. బాబూ, ఆ రెండు లైట్లు తీసెయ్యండి. పిల్లలూ, ముఖాలు చూడకండి, పాదాలు చూడండి. సెరానోది ఎడమచేతి వాటం కాబట్టి కుడి కాలు ముందుంటుంది, కేటీది ఎడమ కాలు ముందుంటుంది. ఆ రెండు ముందు కాళ్లలో ఏది బయటి వైపు ఉందో చూస్తూ ఉండండి. ధ్వని కొంచెం పెంచండి. గంట కొట్టారు.